గుర్రానికి చిక్కం: మా చుక్కకి మూడు రకాలు కట్టి చూశాక

ముందే ఒక మాట చెప్పేస్తానండి, ఎందుకంటే మా రోడ్డున వెళ్ళే ప్రతి ఒక్కరూ బండాపి మరీ అడిగేది అదే. మా గుర్రం కరవదు. దాని మూతికి బుట్ట కట్టింది కరుస్తుందని కాదు, పక్కోళ్ళ చేలో పడుతుందని కూడా కాదు, మా తోటలోనే మరీ ఎక్కువ మేసేస్తోందని. దీన్ని గ్రేజింగ్ మజిల్ (grazing muzzle) అంటారు, మన మాటలో చిక్కం అనే అనుకోండి, కాకపోతే ఎద్దుల చిక్కం వేరు ఇది వేరు, ఆ తేడా తెలీక నాకు మొదటి నెల వృథా అయిపోయింది. అందుకే మూడు రకాలు కట్టి చూశాక ఏది ఎలా పనిచేసిందో వివరంగా రాస్తున్నా, పోనీలు, అంటే పొట్టి రకం గుర్రాలు, పెంచుకునేవాళ్ళు మన వైపు తక్కువే అయినా ఆ ఉన్నవాళ్ళకి చెప్పేవాళ్ళు కూడా తక్కువే కదా.

మాది అంబాజీపేట దగ్గర ఊరు, ఎకరంన్నర కొబ్బరి తోట. చుక్క అంటే మా ఆడగుర్రం, నుదుట తెల్లటి బొట్టు ఉంటుంది, పదకొండేళ్ళు, ఎత్తు పన్నెండు చేతులు అంటే 122 సెంటీమీటర్లు ఉంటుందన్నమాట. మా అమ్మాయి కోసం మూడేళ్ళ కిందట తెచ్చాం. మా తాతగారు అమలాపురంలో జట్కా తోలేవారు, ఆయన గుర్రానికి పూటకి శేరు ఉలవలు ఉడకబెట్టి పెట్టినా ఒంటికి పట్టేది కాదంట, పొద్దున్నించి రాత్రి దాకా పరుగే కాబట్టి. మా చుక్కకి ఆ పని ఎక్కడిది చెప్పండి, ఆదివారం పూట అమ్మాయిని ఎక్కించుకుని కాలవ గట్టు మీద రెండు చుట్లు తిరిగి రావడం అంతే, మిగతా ఆరు రోజులూ కొబ్బరి చెట్ల నీడన మేతే మేత.

వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు కాస్త పర్లేదు, గడ్డి మాడి ఉంటుంది. జూన్‌లో నీళ్ళొదిలి నాలుగు వానలు పడ్డాయా, గట్లు, బోదెలు, తోటలు ఒక్కసారి పచ్చబడతాయి, గేదెలున్న ఇంటికి అది పండగే గానీ పోనీ ఉన్న ఇంటికి భయం మొదలయ్యే టైం అది. పోయినేడు ఆగస్టులో చూస్తే చుక్క మెడ మీద జూలు కింద కండ గట్టిపడి దిండులా లేచింది, పక్కటెముకలు వేళ్ళతో నొక్కినా తగలట్లేదు, తోక మొదట్లో కొవ్వు ముద్దలు. మా ఇంట్లోవాళ్ళంతా భలే నిగనిగలాడుతోంది అని మురిసిపోయాం. ఒక రోజు పొద్దున్నే ముందు కాళ్ళు చాపేసి బరువంతా వెనక్కి వేసుకుని నించుంది, నడవమంటే ముళ్ళ మీద అడుగేసినట్టు వేస్తోంది. గిట్టలు పట్టుకుంటే వేడి, గిట్ట పైన మడమ దగ్గర నాడి టకటకా కొట్టుకుంటోంది.

పశువుల డాక్టర్ గారు వచ్చి లామినైటిస్ మొదలవుతోంది, ఇప్పుడైనా చూశారు నయం అన్నారు. గిట్ట లోపల ఎముకని పై డొల్లకి అతికించి ఉంచే సన్నటి పొరలుంటాయంట, అవి దెబ్బతింటే ఎముక పట్టు జారి లోపలే కిందికి తిరిగిపోతుంది, ఆ దశకి వెళ్తే ఇక గుర్రం జీవితాంతం కుంటాల్సి రావచ్చు, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. కొవ్వు పట్టిన పోనీల్లో ఒంట్లో ఇన్సులిన్ బాగా పెరిగిపోయి అదే ఈ పొరల్ని దెబ్బ కొడుతుందని ఆయన చెప్పేదాకా నాకు ఇదొకటి ఉందనే తెలీదండి. ఎద్దుకి బలం వస్తే మంచిది, గేదెకి మంచిది, మరి గుర్రానికి ఎందుకు కాకూడదు అనుకునేవాణ్ణి.

అయితే మేత ఆపేస్తే సరిపోదా అంటారా, ఆపకూడదు. పోనీని ఉన్నపళంగా పస్తు పెడితే ఒంట్లో కొవ్వంతా కరిగి నెత్తుట్లోకి వచ్చేసి లివర్ పాడై చచ్చిపోయే ప్రమాదం ఉంది, ఇది డాక్టర్ గారు రెండుసార్లు నొక్కి చెప్పారు. సరే, రోజుకి మూడు గంటలే వదిలి మిగతా టైం కట్టేద్దాం అనుకున్నా, అదీ కుదరదంట, బ్రిటన్‌లో పోనీల మీద చేసిన పరిశీలనల్లో మూడు గంటలే వదిలితే ఆ మూడు గంటల్లోనే రోజు మేతలో 40 శాతం దాకా లాగించేశాయంట, టైం తక్కువని వాటికి తెలిసిపోతుంది. అందుకే రోజంతా నోరు ఆడుతూ ఉండాలి, కడుపులోకి వెళ్ళేది మాత్రం తగ్గాలి. దానికే ఈ బుట్ట. అడుగున చిన్న కన్నం ఉంటుంది, అందులోంచి పైకొచ్చిన నాలుగు గడ్డిపోచలే కొరుక్కోగలదు. గడ్డి రకాన్ని బట్టి, ఎత్తుని బట్టి మేత 30 శాతం నుంచి 80 శాతం దాకా తగ్గుతుందని లెక్కలున్నాయి.

చిక్కం కంటే ముందు చేసిన పని ఇంకోటుంది, తవుడు మానేశాం. మన వైపు మిల్లులు ఎక్కువ, తవుడు సులువుగా దొరుకుతుంది, అలవాటుగా పెట్టేస్తాం, కానీ అందులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ, గుర్రాలకి అది రోజూ పెడితే ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది, ముఖం ఎముకలు ఉబ్బిపోయే జబ్బు వస్తుంది. నేపియర్ గడ్డి కూడా గేదెలకి బంగారమే గానీ అందులో ఆక్సలేట్లు ఉంటాయి, అవి కాల్షియంని కట్టేస్తాయి కాబట్టి గుర్రానికి అదొక్కటే మేపకూడదు. సరే అది వేరే కథ, ఇంకోసారి రాస్తా.

ఇక మొదటి రకం. మా పాలేరు బాబాయ్ ఉన్నాడు, పెద్దాయన, ఒకప్పుడు కుప్ప నూర్చేటప్పుడు ఎద్దులకి చిక్కాలు ఆయనే అల్లేవాడు. "దానికి వేలు పొయ్యడం ఎందుకండీ, పీచు తాడుతో సాయంత్రానికి అల్లేస్తాను" అన్నాడు, అన్నట్టే అల్లాడు కూడా, చూడ్డానికి ఎంతో బాగుంది. కట్టాం. పావుగంటలో తెలిసిపోయింది. ఎద్దుల చిక్కం పని గింజ నోట్లోకి పోకుండా చెయ్యడం, పూర్తిగా ఆపడం, అది బానే ఆపింది. చుక్క మూతి నేలకేసి రాస్తోంది, ఒక్క పోచ కూడా అందట్లేదు, కోపంతో కాలు నేలకేసి కొడుతోంది. సరే, అడుగున అల్లిక వదులు చేద్దామని రెండు ముళ్ళు విప్పితే అక్కణ్ణించి గడ్డి కట్టలు కట్టలు లాగేస్తోంది. పైగా పీచు తాడు తడిస్తే బిగుసుకుంటుంది, గరుకు, గుర్రం మూతి చర్మం ఎద్దు మూతిలా మొరటుగా ఉండదు, పట్టులా ఉంటుంది, మూడో రోజుకే ముక్కు పక్కన వెంట్రుకలు ఊడి ఎర్రగా అయిపోయింది. ఎద్దు నాలుకతో చుట్టి లాగుతుంది, గుర్రం పై పెదవితో ఏరుకుని ముందు పళ్ళతో కత్తిరిస్తుంది, మేసే తీరే వేరైనప్పుడు ఒకదాని చిక్కం ఇంకోదానికి ఎలా సరిపోద్ది. బాబాయ్ పనితనానికి ఐదుకి ఐదు, గుర్రానికి వాడటానికి మాత్రం సున్నా, ఎవరూ ప్రయత్నించకండి.

రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించింది. నైలాన్ పట్టీల బుట్ట, అడుగున మందపాటి రబ్బరు పళ్ళెం, మధ్యలో రూపాయి బిళ్ళంత కన్నం, తలకట్టు దాంతోనే కుట్టేసి ఉంటుంది, తలకట్టు అంటే కళ్ళెం లాంటిదే గానీ నోట్లో ఇనుము ఉండదు. షిప్పింగ్‌తో కలిపి రెండువేల తొమ్మిది వందలు పడింది. సైజులు పోనీ (చిన్నది), కాబ్ (మధ్యరకం), ఫుల్ (పెద్దది) అని ఉంటాయి. ఇక్కడే జాగ్రత్తండి, మా గుర్రం చిన్నది కదా అని కళ్ళు మూసుకుని పోనీ సైజు పెట్టేశా, చుక్క ఒళ్ళు చిన్నదే గానీ మూతి వెడల్పు, వచ్చింది కడితే రెండు వైపులా పెదవుల్ని నొక్కేస్తోంది. వాపస్ పంపుతామంటే అమ్మినవాళ్ళు జంతువుకి కట్టి చూసిన వస్తువు తీసుకోం అన్నారు, ఎంత అడిగినా వినలేదు, అది నాకు చాలా బాధనిపించింది ఎందుకంటే సైజు చార్ట్ వాళ్ళు పెట్టలేదు. మళ్ళీ కాబ్ సైజు కొన్నా. మీరు కొనేముందు టైలర్ టేపు తీసుకుని ముక్కు రంధ్రాల పైన, నోటి మూలల దగ్గర మూతి చుట్టూ కొలవండి, పెదవి చివర నుంచి నోటి మూల పైదాకా లోతు కూడా కొలవండి, ఆ రెండు కొలతలూ అమ్మేవాళ్ళకి పంపి సరిపోతుందని రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

ఇప్పుడు బిగింపు గురించి, అసలు సంగతంతా ఇందులోనే ఉంది, వస్తువు ఎంత మంచిదైనా కట్టడం రాకపోతే గుర్రానికి నరకం. తల మామూలుగా ఎత్తి నించున్నప్పుడు పెదవులకీ బుట్ట అడుక్కీ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉండాలి. అంతకంటే తక్కువైతే పళ్ళూ పెదవులూ రబ్బరుకి రాసుకుని అరుగుతాయి, ఎక్కువైతే కన్నంలోంచి వచ్చిన గడ్డి పళ్ళకి అందదు. బుట్ట పక్కల నాలుగు వైపులా రెండు వేళ్ళు తిరగాలి. ముక్కు రంధ్రాలకి ఎక్కడా పట్టీ తగలకూడదు, మన ఎండల్లో, మన ఉక్కలో గాలి ఆడకపోతే గుర్రం పది నిమిషాల్లో డీలా పడిపోతుంది. ముక్కు మీద పట్టీ దవడ ఎముక పొడుచుకొచ్చిన చోటుకి రెండు వేళ్ళ కింద కూర్చోవాలి, ఎముక మీద కాదు. గొంతు కింద పట్టీలో పిడికిలి పట్టాలి.

ఇవన్నీ గుర్రం నించున్నప్పుడు చూస్తే సగమే చూసినట్టు. నేను ఇదే తప్పు చేశా, నించున్నప్పుడు చక్కగా ఉంది కదా అని వదిలేసి ఇంట్లోకి వెళ్ళి కాఫీ తాగి వచ్చేసరికి బుట్ట చెవి పక్కన వేలాడుతోంది, చుక్క హాయిగా మేస్తోంది. తల కిందికి వంచినప్పుడు పట్టీలన్నీ వదులవుతాయి, అందుకని తల వంచి మేస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూడాలి, అది చెట్టుకి మూతి రాసేటప్పుడు చూడాలి, నీళ్ళు తాగేటప్పుడు చూడాలి. తల మీద పట్టీకీ నుదుటి పట్టీకీ మధ్య చిన్న తాడు కట్టాక జారడం ఆగింది.

ఇంకోటి, ఇది ప్రాణాల మీదకి వచ్చే విషయం. ఆ రెడీమేడ్ నైలాన్ తలకట్టు తెగదు. తోటలో కంచె తీగ ఉంటుంది, గేటు గడియ ఉంటుంది, రాలిన కొబ్బరి మట్టలుంటాయి, దేనికో చిక్కుకుంటే గుర్రం బెదిరి వెనక్కి గుంజుతుంది, తెగకపోతే మెడ విరగ్గొట్టుకుంటుంది. మాది ఒకసారి గేటు గడియకి పట్టుకుంది, దేవుడి దయ వల్ల నేను పక్కనే ఉన్నా. ఆ సాయంత్రమే అమలాపురం బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి తల మీద పట్టీ ఒక చోట కోయించి మధ్యలో పల్చటి తోలు ముక్క కుట్టించా, గట్టిగా గుంజితే అదే తెగుతుంది. ఎనభై రూపాయలు తీసుకున్నాడు, వేలు పోసి కొన్న వస్తువులో లేని భద్రత ఆ ఎనభై రూపాయల్లో వచ్చింది. తోలు కుదరకపోతే పురికొస రెండు పేటలు కట్టినా చాలు. పనిలో పనిగా పట్టీల లోపలి వైపు పాత నూలు తువ్వాలు చింపి కుట్టించా. విదేశాల్లో ఉన్ని బొచ్చు వేస్తారు గానీ మన చెమటకి అది తడిసి కంపు కొట్టి పుళ్ళు పడతాయి, నూలు గుడ్డ రోజూ ఉతికి ఆరేసుకోవచ్చు.

ఈ రబ్బరు అడుగు రకంతో నాలుగు నెలలు నడిపాం. వాన లేనప్పుడు బాగుంది. వానల్లో మాత్రం మన ఒండ్రు మట్టి కన్నంలో బిగుసుకుపోతోంది, గంటకోసారి పుల్లతో పొడవాలి, లేకపోతే గుర్రానికి ఏమీ అందదు. మూతి లోపల ఉడికిపోతుంది కూడా, మధ్యాహ్నం తీస్తే ఆవిరి వస్తున్నట్టు ఉండేది. కన్నం కూడా రాను రాను అరిగి పెద్దదైంది. ఐదుకి మూడు ఇస్తా.

మూడోది గట్టి ప్లాస్టిక్ బోను లాంటిది, అడుగున నిలువు గాడులు ఉంటాయి, పక్కలంతా తెరిచినట్టే, గాలి ధారాళంగా ఆడుతుంది. విడిగా వస్తుంది, మన తలకట్టుకి మనమే పట్టీలతో తగిలించుకోవాలి. బెంగుళూరులో గుర్రాలున్న తెలిసినవాళ్ళు ఒకరు విదేశం నుంచి తెప్పించి ఇచ్చారు, కస్టమ్స్‌తో కలిపి పదకొండు వేలు దాటింది, అక్షరాలా గుండె పట్టుకున్నా. తలకట్టు మాత్రం కాన్పూర్ తోలుది కొన్నా, మన దేశంలో జీను సామానుకి కాన్పూర్ ఎప్పటి నుంచో పేరున్న ఊరు, తోలు మెత్తగా ఉంది, గట్టిగా గుంజితే తెగే గుణం తోలుకి ఎలాగూ ఉంది. వాడిన రెండో రోజే తేడా తెలిసింది, మూతి పొడిగా ఉంది, ఊపిరి తేలిగ్గా ఉంది, మట్టి పట్టినా పంపు కింద పెడితే పోతోంది, గాడులు నాలుగైదు ఉండటం వల్ల తల అటూ ఇటూ తిప్పినా నాలుగు పోచలు దొరుకుతున్నాయి కాబట్టి కోపం కూడా తగ్గింది. లోపాలు లేవా అంటే ఉన్నాయి, గడ్డం కింద అంచు గట్టిగా ఉండి రాసుకుంటోంది, అక్కడ కూడా గుడ్డ చుట్టాలి, ఒక బకిల్ విరిగితే ఇక్కడ దొరకదు, బ్యాగుల షాపులో దొరికే బకిల్ వేసి సర్దుకుంటున్నా. ముందు పళ్ళు గాడులకి రాసుకుని అరుగుతున్నాయేమో అని నెలకోసారి పెదవి ఎత్తి చూస్తున్నా, ఇప్పటిదాకా బానే ఉన్నాయి. ఐదుకి నాలుగున్నర, ఆ అర ధరకి తీసేశా.

ఏ రకం కొన్నా గడ్డి ఎత్తు చూసుకోకపోతే డబ్బు దండగ. మరీ మొదలంటా ఉన్న గరికైతే కన్నంలోకి రాదు, మోకాలెత్తు పెరిగిన గడ్డైతే బుట్ట తగలగానే వాలిపోతుంది, రెండు విధాలా గుర్రం ఆకలితో ఉంటుంది. నాలుగైదు అంగుళాల ఎత్తున, నిటారుగా ఉంటేనే పోచలు పైకొస్తాయి. మేం తోటని తాడు కట్టి మూడు భాగాలు చేసి వారానికొకటి బ్రష్ కట్టర్‌తో ఆ ఎత్తుకి కొట్టిస్తున్నాం, కోసిన గడ్డి మా పక్కింటి అత్తయ్య గారి గేదెలకి వెళ్తోంది.

అలవాటు చెయ్యడంలో తొందర వద్దు. మేం మొదటి రోజు కట్టకుండా బుట్ట చేత్తో పట్టుకుని అందులో కేరట్ ముక్కలు పెట్టి తినిపించాం, మూడో రోజు కట్టి పది నిమిషాలు, ఆ పది నిమిషాలూ మా అమ్మాయి కింద కూర్చుని కన్నంలోంచి ఒక్కో పోచ అందించింది, అలా అందిస్తే దానికి అర్థమైపోయింది గడ్డి ఎక్కణ్ణించి వస్తుందో. వారం పట్టింది రెండు గంటలకి రావడానికి. నీళ్ళ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది, మా కుడితి తొట్టి లోతు తక్కువ, నీళ్ళు మట్టంగా లేకపోతే బుట్ట అడుగు తొట్టికి తగిలి పెదవి నీళ్ళకి అందట్లేదు, చప్పుడుకి భయపడి రెండు పూటలు తాగనే లేదు. ఇప్పుడు లోతైన డ్రమ్ము కోయించి పెట్టాం, నిండుగా ఉంచుతాం. నీళ్ళు తాగుతోందని కళ్ళారా చూశాకే అక్కణ్ణించి కదలండి, గుర్రానికి నీళ్ళు తగ్గితే కడుపు నొప్పి వస్తుంది, అది లామినైటిస్ కంటే ముందు చంపుతుంది.

రోజులో పది గంటలకి మించి ఉంచం. తెల్లారకముందే కట్టి వదులుతాం, మధ్యాహ్నం తీసేసి షెడ్డులో ఎండుగడ్డి తూకం వేసి పెడతాం. ఎండ పెరిగే కొద్దీ గడ్డిలో చక్కెర పెరుగుతుంది, సాయంత్రానికి బాగా ఎక్కువ ఉంటుంది, అందుకని పొద్దున్న మేతే మంచిది. తీశాక బుట్ట లేకుండా గడ్డిలోకి మాత్రం వదలం, వదిలామా పొద్దున్నించి తగ్గించిందంతా గంటలో పూడ్చేస్తుంది. తీసిన వెంటనే మూతి తడి గుడ్డతో తుడిచి వేళ్ళతో అంతా తడిమి చూస్తాం, ఎక్కడైనా వెంట్రుక పల్చబడితే ఆ రోజుకి కొంచెం కొబ్బరి నూనె రాసి మర్నాడు సెలవు.

ఊళ్ళో మాటలు పడాలి, దానికి సిద్ధంగా ఉండండి. "మూగజీవానికి నోరు కట్టేశారేంటండీ పాపం" అని పెద్దవాళ్ళు, "ఉలవల సంచి కట్టారా బాబూ" అని జట్కాలు చూసిన తరం వాళ్ళు. నేను విసుక్కోను, పిలిచి చూపిస్తా, ఇదిగో ఇక్కణ్ణించి తింటోంది చూడండి అని కన్నం చూపిస్తే వాళ్ళకే అర్థమవుతోంది. మా అమ్మ కూడా మొదట్లో ఏడ్చినంత పని చేసింది, ఇప్పుడు పొద్దున్నే బకిల్ పెట్టేది ఆవిడే.

కాటా లేదు కాబట్టి టేపుతో లెక్క వేస్తున్నాం, ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో, దాన్ని దాంతోనే గుణించి, ఛాతీ ముందు నుంచి పిరుదు ఎముక దాకా పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. మొదలెట్టినప్పుడు చుట్టుకొలత 150, పొడవు 125, అంటే సుమారు 237 కిలోలు. ఐదు నెలలకి చుట్టుకొలత 141కి వచ్చింది, 209 కిలోలు. ఒంటి తీరుకి 1983లో హెన్నెకే అనే ఆయన పెట్టిన ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కుల పద్ధతి ఉంది, అందులో మా చుక్క ఎనిమిది నుంచి ఆరుకి దిగిందని డాక్టర్ గారన్నారు, ఐదుకి తేవాలి. మెడ మీద దిండు ఇంకా పూర్తిగా పోలేదు గానీ చేత్తో పట్టుకుంటే ఇప్పుడు అటూ ఇటూ ఊగుతోంది, గట్టిగా లేదు. గిట్టలు చల్లగా ఉన్నాయి, రోజూ పొద్దున్నే బుట్ట కట్టేముందు నాలుగు గిట్టలూ చేత్తో పట్టి చూడటం అలవాటైపోయింది, ఏ రోజైనా వెచ్చగా తగిలితే ఆ పూట గడ్డిలోకి వదలం, ముందు డాక్టర్ గారికి ఫోన్ చేస్తాం.

సైజు కొలతల్లో సందేహం ఉంటే మీ గుర్రం మూతి పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి ఫోటో తీసి టేపు కొలతలతో అడగండి, నాకు తెలిసింది చెప్తా. ఆ పోనీ సైజు నైలాన్‌ది మా దగ్గర అలాగే ఉంది, మూతి సన్నగా ఉండే చిన్న పోనీ ఉన్నవాళ్ళెవరైనా కోనసీమలో ఉంటే వచ్చి తీసుకెళ్ళండి, డబ్బులొద్దు, తల మీద పట్టీకి తోలు ముక్క వేయించి ఉంచా.